స్టేషను కట్టేశాక

టెక్కలి బజారులో జగన్నాధం రేడియో మరమ్మతు దుకాణానికి మంచి పేరే ఉండేది. వేటకి పోయే ఇంట పుట్టినా సముద్రమంటే గిట్టక, నాలుగు అక్షరాలు నేర్చుకుని ఆ పనిలో పడ్డాడు. దెయ్యాల ఊసెత్తితే పకపకా నవ్వేవాడు. "గాలిలోంచి గొంతు రప్పించేది నేను. నాకా చెప్తారు?" అనేవాడు. ఆ గర్వమే అరవై ఎనిమిది కార్తీకంలో అతన్ని భావనపాడు లాక్కెళ్ళింది.

బావ పోతురాజు ఓ పొద్దున వచ్చి దుకాణం మెట్టు మీద కూలబడ్డాడు. అతని కొడుకు ఎర్రన్న, మరో ముగ్గురూ ఎక్కిన తెప్ప తుఫానులో పోయి అప్పటికి పదహారు రోజులు.

"మీ అక్క మెతుకు ముట్టడం నేదురా," అన్నాడు పోతురాజు. "ఎర్రన్న రేడియోలో మాటాడతన్నాడంట. మజ్జాన్నం స్టేషను కట్టేసినాక. 'వచ్చేస్తన్నానమ్మా' అంతన్నాడంట."

జగన్నాధానికి గుండె చెరువైంది. అక్క గురమ్మ అతన్ని ఎత్తుకుని పెంచిన మనిషి.

ఆ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. తెప్ప వేటకి పోతే తల్లిగానీ పెళ్ళాంగానీ అన్నం తినదు. ఇంటి మగవాడు రేవులో కళ్ళారా చూసొచ్చి, గుమ్మంలో నిలబడి 'తెప్ప ఒడ్డెక్కింది' అని చెప్పాలి. అప్పుడే పొయ్యి వెలుగుతుంది. చూడకుండా ఆ మాట ఎవరూ అనరు, వేళాకోళానికైనా అనరు. తెప్ప మీద పోయిన మిగతా ముగ్గురికీ వాళ్ళ ఇళ్ళల్లో పదకొండో రోజు జరిగిపోయింది, తల్లులు ఏడ్చి, తిన్నారు. గురమ్మ మాత్రం కొడుకు గొంతు వింటున్నానంటూ గంజినీళ్ళ మీదే బతుకుతోంది. ఇంకో వారం గడిస్తే ఆమె దక్కదని పోతురాజు భయం.

"స్టేషను లేనంతసేపూ రికార్డు చేసి వినిపిస్తాను బావా," అన్నాడు జగన్నాధం. "ఉత్త గాలి గోలేనని తెలిస్తే తనే తింటుంది."

మధ్యాహ్నం ప్రసారం ఆగాక సాయంత్రం మళ్ళీ మొదలయ్యేదాకా మూడు గంటలు. అంతసేపు పట్టే సరంజామా ఎంచడంలో అతను పిల్లని చూడబోయిన పెళ్ళికొడుకంత పేచీకోరు. డాక్టరుగారి పెద్ద టేపురికార్డరు బంగారంలాంటిదే, కానీ కరెంటు కావాలి, అక్క ఇంట్లో కిరసనాయిలు దీపమే. అందుకని మిల్లు షావుకారు రంగూను నుంచి తెచ్చుకున్న చిన్న బ్యాటరీ మిషను బతిమాలి తెచ్చాడు. మామూలు టేపు చుట్ట అరగంటకే అయిపోతుంది. పల్చటి టేపు వేసి వేగం బాగా తగ్గిస్తే ఒక్కో వైపూ గంటన్నర వస్తుంది. పాటకి పనికిరాదుగానీ గొంతు ఉందో లేదో తేల్చడానికి చాలు. బావ సెట్టు మీద నమ్మకం లేక దుకాణంలోని మంచి సెట్టే తీసుకున్నాడు. మైకు పెడితే ఇంట్లో చప్పుళ్ళన్నీ పడతాయని దాన్ని దుకాణంలోనే వదిలేశాడు. రేడియో నుంచి మిషనులోకి తిన్నగా వైరు వేస్తే, రేడియో పట్టిందే టేపు మీద పడుతుంది. ఇంకేదీ పడే దారి లేదు.

మర్నాడు మధ్యాహ్నం భావనపాడులో ఎండ చిటపటలాడుతోంది. ఇంటి చుట్టూ ఎండుచేపల వాసన. సరుగుడు తోటలో గాలి లేదు. అనౌన్సరు సెలవు తీసుకోగానే జగన్నాధం వైరు దోపి మీట నొక్కాడు. వైరు దోపితే రేడియో గొంతు పైకి రాదు. చుట్ట మాత్రం నెమ్మదిగా తిరుగుతోంది.

గురమ్మ ఆ పెట్టె ముందే కూర్చుంది. గాజులు మోచేతిదాకా జారిపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. పెట్టెలోంచి చిన్న చప్పుడు కూడా లేదు. అయినా ఆమె పెదాలు కదుపుతూ తల ఊపింది. నవ్వింది. గంటన్నరకి అతను చుట్ట తిరగేసి పెట్టాడు. ఆ తరవాత ఆమె రెండుసార్లు దగ్గింది.

మూడు గంటలూ అయ్యాక గురమ్మ గోడకి జారగిలి కునుకు తీసింది. జగన్నాధం చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని అక్కడక్కడా తిప్పి విన్నాడు. మొదటి వైపంతా గాలి గోల. అతనికి ప్రాణం లేచొచ్చింది. చుట్ట తిరగేశాడు.

మళ్ళీ గాలి గోల. తరవాత... కోడి అరుపు.

పెరట్లో కోడి అది. సందేహం లేదు. ఆ వెనకే పోతురాజు వల దులుపుతున్న చప్పుడు. ఆ వెనక దగ్గు. అక్క దగ్గు.

మైకు టెక్కలిలో ఉంది.

మరి ఈ ఇంటిని విన్నదెవరు?

టేపులో ఇంకో చప్పుడు. ఊపిరి. తడిసిన ఊపిరి... చెవికి మరీ దగ్గరగా. ఎర్రన్న గొంతు గుసగుసగా అంది.

"అమ్మా... నెమ్మదిగా మాటాడు. మావ సెవి పెట్టి ఇంతన్నాడు."

జగన్నాధం ఇయర్‌ఫోను పీకేశాడు. ఇది వింటే అక్క ఇక ఎన్నటికీ తినదు. అదొక్కటే తోచింది. ఆమె లేవగానే మొదటి వైపు పెట్టి వినిపించాడు.

"సూడక్కా. ఏటీ నేదు."

ఆమె టేపు వినలేదు. అతని మొహమే చూసింది.

"నువ్వు ఇన్నావురా," అంది మెల్లగా. "ఏటన్నాడు నా కొడుకు?"

అతను వైరు పీకి చుట్టసాగాడు. ఆమె మళ్ళీ గోడకి చేరబడింది. పెదాలు ఎండి పగిలాయి. ఈ చేతులే కదా తనకి అన్నం కలిపి పెట్టినవి, అనుకున్నాడు. అంత ఏడుపు ఎప్పుడూ రాలేదతనికి. చేతనైతే ఆ తెప్పని భుజాన మోసుకొచ్చేవాడు. అది చేతకాక, లేచి గుమ్మంలో నిలబడ్డాడు.

"అక్కా. తెప్ప ఒడ్డెక్కినాది. తిను."

అరుగు మీద పోతురాజు చేతిలో వల జారిపోయింది. "ఒరే! ఏటన్నావురా!"

గురమ్మ అప్పటికే లేచింది. పదిహేడు రోజుల పస్తు మనిషిలా లేదు. పొయ్యి వెలిగించి, పెద్ద కుండ పెట్టింది. ఉడుకుతున్న అన్నం వాసన ఇల్లంతా కమ్మింది. జగన్నాధం కళ్ళు తుడుచుకున్నాడు. అబద్ధమైతేనేం, అక్క బతుకుతుంది.

"వాడు నిన్న మజ్జాన్నమే సెప్పాడురా," అంది గురమ్మ గంజి వారుస్తూ. "మావ సేత ఆ మాట అనిపించమ్మా, అది అనకపోతే మాకు ఒడ్డెక్కే దారి నేదు అన్నాడు."

పోతురాజు లోపలికి రాలేదు. రేవు వైపు చూస్తూ అరుగు మీదే నిలబడిపోయాడు.

గురమ్మ కంచాలు కడిగి వరసగా పెట్టింది. జగన్నాధం లెక్కపెట్టాడు. ఐదు.

"మనం ముగ్గురమే కదక్కా..."

"మనం తరవాత తిందుం. తెప్ప దిగినోల్లు ముందు."

అతను కంచాలు మళ్ళీ లెక్కపెట్టాడు. "తెప్ప మీద పోయింది... నలుగురు కదక్కా."

"నలుగురేరా," అంది గురమ్మ. "ఐదోవాడు ఆల్లని తీసుకొచ్చినోడు."

అని, ఆ ఐదో కంచంలోనే ముందు వడ్డించింది.