దిద్దిన ముఖం

కోడలు కడిగి బోర్లించిన గిన్నెలను అత్తగారు మళ్లీ తీసి కుళాయి కింద పెట్టింది. ఆ చప్పుడుకి కోడలికి ఒళ్లు మండిపోయింది.

"ఇప్పుడే కడిగాను కదా అత్తయ్యా!"

"కడిగావులే. అడుగున జిడ్డు అలాగే ఉంది."

ముప్పై ఏళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన ఆవిడకు తప్పు కనిపిస్తే దిద్దందే చెయ్యి ఆగదు. కొడుకు పోయి ఎనిమిది నెలలైంది. అప్పటి నుంచి దిద్దడానికి ఇంట్లో కోడలొక్కతే మిగిలింది. ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఆ కోడలు, వేరే ఊరికి బదిలీ అడిగిన సంగతి ఇంకా ఇంట్లో చెప్పలేదు.

ఆ రోజు పదింటికి ఇద్దరూ ఆసుపత్రి మేడమీద గదికి వెళ్లారు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు అక్కడ వారానికోసారి కలుస్తారు. ఇది మూడో వారం. మొదటి రెండుసార్లూ అత్తగారు నోరు విప్పలేదు. కోడలు గడియారం చూస్తూ గడిపింది.

"ఈ రోజు మాటలు వద్దు," అంది కౌన్సిలర్, బల్లల మీద రంగు పెన్సిళ్లు పరుస్తూ. "ఇద్దరికీ ఒకే కాగితం. మీ మనిషిలో మీకు గుర్తున్నది కలిసి గీయండి. బాగా రావాలనేం లేదు."

"చిన్నపిల్లల ఆటలు," అని గొణిగింది అత్తగారు.

కోడలు భర్త ముఖం మొదలుపెట్టింది. నుదురు, కళ్లు, ముక్కు. చెవి గీసిందో లేదో, దాని మీదికి ఎర్ర పెన్సిలు వచ్చి పడింది.

"చెవి ఇంత కిందికా?"

తర్వాత కనుబొమ్మ. ఆ తర్వాత గడ్డం. చూస్తుండగానే ముఖమంతా ఎర్రగీతలైపోయింది.

కోడలు చేతిలో పెన్సిలు విసిరికొట్టింది. "ఇక్కడ కూడానా? గిన్నెలు దిద్దారు, దుప్పటి మడతలు దిద్దారు. చివరికి నా ఏడుపు కూడా ఎక్కువైందన్నారు! ఆయన ముఖం కూడా నాకు తెలియదా? మీకు కొడుకైతే నాకు మొగుడు కాదా? ఇక నావల్ల కాదు. బదిలీ అడిగాను. వెళ్లిపోతాను!"

గదిలో అందరి చేతులూ ఆగిపోయాయి. అత్తగారు కాగితం మీంచి తల ఎత్తలేదు.

"తప్పు నీది కాదమ్మాయ్," అంది చివరికి. "కళ్లు మూసుకుంటే వాడు పదేళ్లప్పటిలాగే కనిపిస్తున్నాడు. మొన్నమొన్నటి ముఖం జారిపోతోంది. కన్నతల్లిని, ఎవరితో చెప్పుకోను? నువ్వేమో చకచకా గీసేస్తున్నావు. ఓర్చుకోలేకపోయాను."

అత్తగారు కూడా ఏదైనా మరిచిపోగలదని కోడలు ఏనాడూ అనుకోలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"చెవి కిందికే ఉండేది అత్తయ్యా. హెల్మెట్ పెట్టుకున్నప్పుడల్లా ఒత్తుకుంటోందని గోల పెట్టేవారు. గడ్డం కింద ఇక్కడ గాటు. క్రికెట్ బంతి తగిలిందట కదా?"

అత్తగారు కళ్లు తుడుచుకుంటున్నదల్లా ఆగింది. "బంతా? బిస్కెట్ల డబ్బా కోసం బీరువా ఎక్కి కిందపడ్డాడు!"

"ఆ మ్యాచ్ గెలిపించానని కూడా నాతో చెప్పారే!"

కోడలికి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపు ముంచుకొచ్చింది. ఈసారి ఎక్కువైందని అత్తగారు అనలేదు. దగ్గరికి తీసుకుని తనూ ఏడ్చింది.

బదిలీ మాట ఆ పూట ఇద్దరూ ఎత్తలేదు.

"ఇంకేం కోతలు కోశారు ఆయన నా దగ్గర?" అంది కోడలు ముక్కు తుడుచుకుంటూ.

"నువ్వేమేం విన్నావో చెప్పు," అంది అత్తగారు. "ఒక్కొక్కటీ చూద్దాం."