తలుపు మీద రెండు దెబ్బలు

బందరులో అల్లాబక్షు మేస్త్రీ పనికి వంక పెట్టినవాడు లేడు. ఇంజను ఫ్యానుకి ఉంగరపు వేలు పోయినా ఆ చేతిలో పనితనం పోలేదు. జమీందారు గారి పాత విలాయతీ కారుకి ముందు చక్రాలకి కూడా బ్రేకులు అమర్చి, హంసలదీవి రోడ్డులో పరీక్షకి తీసుకెళ్లాడు. మలుపులో కారు కాలవలో పడింది, మేస్త్రీ పోయాడు. ఇక ఊరు నోరు మూస్తే ఒట్టు. బ్రేకులు పడలేదట, ముసలాడికి చేతకాలేదట!

కూతురు నఫీసాకి ఒళ్లు మండిపోయింది. మూడు నెలలు కూర్చుని కారు బాగుచేసింది, తండ్రి బిగించిన బ్రేకుల జోలికి మాత్రం పోలేదు. అవే పడాలి, ఊరి నోరు మూయించాలి. తుక్కుకి ఇచ్చేస్తానన్న జమీందారు గారి మేనేజరు కాంతారావు గారిని ఒక్క పరీక్షకి ఒప్పించి, చలికాలం పొద్దున్నే బయల్దేరింది.

పక్కన జకరయ్య, తండ్రి తోటి మెకానిక్కు. ఆ రోజూ పక్కన ఉన్నది ఆయనే, ఈదుకుని బయటపడ్డాడు. వాళ్ల షెడ్డులో ఒక పద్ధతుంది. ఇంజను హోరులో కేక వినపడదని, మలుపు దాటాక మైలురాయి రాగానే పక్కవాడు తన తలుపు మీద రెండు దెబ్బలు కొడతాడు. అప్పుడే బ్రేకు తొక్కాలి.

మంచు కమ్మేసింది. కాలవ బురద వాసన... యాభై మైళ్ల వేగం. మలుపు మొదలైంది.

టక్. టక్.

కాలు బ్రేకు మీదికి పోయి ఆగింది. దెబ్బలు జకరయ్య వైపు నుంచి రాలేదు. తన పక్క తలుపు మీద... బయట నుంచి.

జకరయ్య ఆమె చెవి దగ్గరికి వంగాడు. "నేను కొట్టలేదమ్మా... ఆ రోజూ నేను కొట్టలేదు."

మలుపులో తొక్కితే బండి జారేది కాలవలోకే. అదన్నమాట సంగతి! భయం కంటే ముందు కోపం వచ్చింది నఫీసాకి.

టక్ టక్. టక్ టక్. ఇంకా గట్టిగా...

"కొట్టుకో," అంది పళ్లు బిగించి. "నేను ఆపను."

మలుపు దాటింది. రాయి కనపడింది. అప్పుడు తొక్కింది. అంత బరువు కారూ ఇటూ అటూ ఊగకుండా రోడ్డు మధ్యన నిలబడిపోయింది. మా నాన్న బ్రేకులు అనుకుంటే ఏడుపొచ్చేసింది.

దిగి చూసింది. తన వైపు తలుపు నిండా తడి బురదతో పిడికిలి గుర్తులు. కొన్నిటికి నాలుగు వేళ్ల కణుపులు. కొన్నిటికి మూడే, ఉంగరపు వేలి చోటు ఖాళీ.

నఫీసా వాటిని తుడవలేదు. బందరుకి ఆ మలుపు మీదుగానే వెళ్లాలి, వేరే దారి లేదు.

"ఎక్కు మావయ్యా," అని స్టీరింగు ముందు కూర్చుంది. తలుపు వైపు తిరిగి మెల్లగా అంది: "మీరు కొట్టినా ఆపను నాన్నా."

ఇంకా బండి కదల్లేదు.

టక్.

రెండో దెబ్బ కోసం ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు.