కూతురి భయం

"దారితీగ ఇక్కడితో అయిపోయింది. దయచేసి దిగండి" అని చెప్పి, తలుపులు తనే తెరిచి, కారు కొండ మొదట్లో ఆగిపోయింది. నలభై రోజులుగా అదే చోటు, అదే మాట. అయినా సాహితి ఉలిక్కిపడింది. ఒళ్లోంచి జారబోయిన టిఫిన్ క్యారియరును పట్టుకుని, రెండో చెయ్యి కూతురి మోకాలి మీద వేసింది.

"కారు ఆగిందమ్మా, అంతే. ఎక్కడా పడిపోలేదు" అంది పేరిందేవి.

"ఆగే ముందు ఓ కుదుపు కుదిపింది. ఎక్కడైనా చూపించుకోమని చెప్పాలి దీనికి."

"చూపించుకోవడానికి దానికేమైనా జ్వరమా?"

అది 2081వ సంవత్సరం. మైదానాల్లో మనుషులు కారు నడపడం మానేసి నలభై ఏళ్లు దాటింది. రోడ్ల కింద పరిచిన దారితీగల వెంట, సెన్సర్ల సాయంతో కార్లు వాటంతటవే పోతున్నాయి. ఇద్దరు మాట్లాడుకుంటూ ఎక్కితే ఆ మాట పూర్తయ్యేలోపు ఊరు వచ్చేస్తుంది. కొండల్లో మాత్రం తీగ నిలవలేదు. ఏటా వానలకు చరియలు విరిగిపడి తీగ తెగిపోతూ ఉంటే, వేసేవాళ్లు విసిగి వదిలేశారు. అందువల్ల పాడేరు ఘాటు రోడ్డు మీద ఇప్పటికీ మనిషి స్టీరింగు పట్టి నడపవలసిందే. అలాంటి కార్లను జనం చేతికార్లు అంటున్నారు.

పేరిందేవికి ఇరవై మూడేళ్లు. పాత పేర్లకు మళ్లీ మోజు పుట్టిన రోజుల్లో పుట్టింది కాబట్టి ఆ పేరు. తల్లి పేరు సాహితి అని చెబితే స్నేహితురాళ్లు "అబ్బ, ఎంత పాతకాలం పేరో" అని నవ్వుతారు. ఆ పిల్లకు కొండ మీద తొమ్మిది ఊళ్లకు కలిపి నర్సు ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా చేతికారు లైసెన్సు చూపించాలి. లేకపోతే ఉద్యోగం వెనక వరుసలో ఉన్నవాళ్లకు పోతుంది. ఇప్పటికి రెండుసార్లు పరీక్ష తప్పింది. రెండుసార్లూ మూడో మలుపు దగ్గరే కాళ్లు బిగుసుకుపోయాయి. మూడోసారి ఇవాళ. నాలుగోసారి అంటూ లేదు.

ఆ భయం ఆ పిల్లకు ఎక్కడిదని ఎవరూ అడగనక్కరలేదు. సాహితి ఇంట్లో ఏ తరంలోనూ ఎవరికీ యాక్సిడెంటు కాలేదు. ఆమె భయమల్లా అదే. అందరిళ్లలోనూ అయింది, మనింట్లో ఇంకా కాలేదు, అంటే రావలసి ఉందన్నమాట. కూతురు బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఏ ఆసుపత్రి, ఏ వార్డు, కబురు ఎవరు చెబుతారు, ఎవరింట్లో తాళం చెవి ఇచ్చి పరిగెత్తాలి, అన్నీ ఆలోచించేసి ఉండేది. పిల్ల నవ్వుతూ లోపలికి వస్తే, అంతసేపూ పడ్డ ఏడుపంతా ఏం చేసుకోవాలో తెలియక ఓ చిన్న దెబ్బ వేసేది.

కొండ మొదట్లో ఉన్న శిక్షణ కేంద్రంలో ఈ భయానికి ఒక యంత్రం ఉంది. దాని పేరు భయవాహిని. కనిపెట్టినావిడ డాక్టర్ పాంగి చైత్ర, ఆ కొండల్లోనే పుట్టి పెరిగిన మనిషి. అంతకుముందు భయం పోవడానికి మాత్రలు ఇచ్చేవారు. మాత్ర మింగినవాళ్లు మలుపు దగ్గర కూడా బ్రేకు మీద కాలు వెయ్యక లోయ అంచుదాకా వెళ్లారు. భయం అసలే లేకుండా చెయ్యకూడదు, అది రావాలి, వచ్చి ఆగకుండా వెళ్లిపోవాలి అని చైత్రకు అప్పుడు తట్టింది. మెదడులో బాదంగింజంత ఉండే అమిగ్డాలా అనే చోట భయం పుడుతుంది. నడిపేవాళ్ల తలకు కట్టిన పట్టీ ఆ సంకేతాన్ని పట్టుకుని, కాస్త వాసన మాత్రం వాళ్లకు మిగిల్చి, తక్కినదంతా కింద గదిలో కుర్చీలో కూర్చున్న మరో మనిషి తలటోపీకి పంపుతుంది. ఆ మనిషిని భయధారి అంటారు. భయధారి కింద నాలుగు గోడల మధ్య క్షేమంగా ఉంటుంది కనుక భయం ఆ మనిషిలోకి వచ్చి, ఉండడానికి కారణం దొరక్క, వెళ్లిపోతుంది. ఎంత వచ్చిందో గోడ మీద ముల్లు చూపిస్తుంది. కొలతకు చైత్ర పెట్టిన పేరు జంకు. పరీక్ష రోజున ముల్లు నలభై జంకులు దాటితే తప్పినట్టే.

మొదటి రోజే సాహితి కుర్చీ దగ్గరకు వెళ్లి నిలబడింది.

"రక్తసంబంధం ఉన్నవాళ్లు కూర్చోకూడదమ్మా" అంది చైత్ర. "అలా కూర్చున్నట్టు తేలితే లైసెన్సు రద్దు."

"నా బిడ్డ భయం నేను మొయ్యకూడదా? ఇరవై మూడేళ్లుగా మోస్తున్నదే కదండీ."

"ఇక్కడ పని మోయడం కాదు, వదలడం. తల్లులు వదలరు. ప్రయోగాల్లో చూశాం. పట్టుకుని కూర్చుంటారు. భయధారి వదలని భయం వచ్చిన దారినే రెట్టింపై వెనక్కి పోతుంది."

"అందరు తల్లులూ ఒకటేనేంటి?"

"ఈ ఒక్క విషయంలో ఒకటే. మా అమ్మని కూడా ఇదే కుర్చీలోంచి లేపించాను."

ఆ కుర్చీలోకి రూతమ్మ వచ్చింది. వెనకటికి ఆసుపత్రిలో ఆయాగా చేసిన మనిషి. యాభై దాటాయి, పిల్లలు లేరు. తలకు టోపీ పెట్టుకుని, ఒళ్లో కనకాంబరాలు పోసుకుని, ఘాటు మీద పేరిందేవి వణుకుతున్నంతసేపూ మాల కడుతూ కూర్చునేది. మధ్యలో ఒక్కోసారి "ఆఁ, ఆఁ" అనేది, వీధిలో పోయేవాళ్లను పలకరించినట్టు. గాజు తలుపు బయట బెంచీ మీద కూర్చుని సాహితి అది చూసేది. నా కూతురి ప్రాణం గిలగిల్లాడుతుంటే ఈవిడకు పూలు కట్టబుద్ధి ఎలా వేస్తోంది అని పళ్లు నూరుకునేది.

నాలుగో రోజుకు పేరిందేవి ఆవిడను పిన్ని అనడం మొదలుపెట్టింది. పదో రోజుకు, కారు దిగగానే ముందు ఆ గదిలోకి వెళ్లి తరవాత బెంచీ దగ్గరకు రావడం మొదలుపెట్టింది. ఇంటి దగ్గర అన్నంలో చెయ్యి పెట్టి కూడా అదే మాట.

"ఇవాళ రెండో మలుపు దగ్గర పిన్నికి చెమటలు పట్టాయటమ్మా, పాపం."

"నాకెన్నిసార్లు పట్టాయో ఎవరైనా అడిగారా?" అంది సాహితి, పప్పు గిన్నె చప్పుడయ్యేలా పెడుతూ.

"నీ చెమట వేరు. అది చూస్తే నాకు పడుతుంది. పిన్నికి పడితే నాకు ఆరుతుంది."

ఆ మాటతో సాహితికి ముద్ద దిగలేదు. బిడ్డ కోసం భయపడడంలో తనకు సాటి లేరని ఆమె నమ్మకం. చదువా, పదో తరగతితో ఆగిపోయింది. వంటా అంతంతమాత్రం. ఈ ఒక్క పనిలో మాత్రం తనను మించినవాళ్లు లేరనుకుంది. ఇప్పుడు ఎవరో జీతం తీసుకుని, కాలు మీద కాలు వేసుకుని ఆ పని చేస్తోంది. పైగా బాగా చేస్తోంది. అన్నిటికన్నా ఒంటికి కారం రాసినట్టుండేది ఇంకొకటి. పేరిందేవి భయం ఎలా ఉంటుందో, అందులో ఏం కనబడుతుందో రూతమ్మకు తెలుసు. కన్నతల్లికి తెలియదు.

"ఏం కనిపిస్తుందేమిటి? లోయా? లారీయా?" అని ఒకరోజు నెమ్మదిగా కూపీ లాగబోయింది.

"సెప్పకూడదమ్మా. మా రూలు" అంది రూతమ్మ, దారం కొరుకుతూ.

ఇవాళ చైత్ర పరీక్ష అధికారితో పాటు కారులో వెళ్లింది. కింద గదిలో రూతమ్మ ఒక్కతే ఉంది. గోడ మీది తెర మీద చేతికారు చీమలా కొండ ఎక్కడం మొదలుపెట్టింది. సాహితి బెంచీ మీద నుంచి లేచి గాజు తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

"లే రూతమ్మా. ఈ ఒక్క రోజుకీ నన్ను కూర్చోనీ."

"అదేటమ్మా. పిల్ల నైసెన్సు పోద్ది."

"ఎవరు చూడొచ్చారు? దాని గండం నేను మొయ్యాలి గానీ నువ్వెవరివి?"

"నువ్వు ఒగ్గలేవు తల్లీ. ఇది ఒగ్గీ పని."

"ఒకళ్ల కోసం భయపడ్డం నువ్వు నాకు నేర్పుతావా? కన్నదానివైతే తెలిసేది."

రూతమ్మ చేతిలో దారం ఆగింది. తరవాత పూలు పక్కన పెట్టి, టోపీ తీసి, లేచి నిలబడింది.

"అయితే సూడు" అంది.

టోపీ చల్లగా ఉంది. సాహితి కళ్లు మూసుకుని, దేనికైనా సరే అని గుండె రాయి చేసుకుంది. లోయ వస్తుంది, నుజ్జయిన కారు వస్తుంది, నెత్తురు వస్తుంది. అవన్నీ తనకు కొత్త కాదు, ఎన్నిసార్లు చూడలేదు గనుక.

వచ్చింది. లోయ కాదు. ఒక గేటు. గేటు పట్టుకుని ఒక ఆడమనిషి. చెవి దగ్గర ఫోను. ఫోనులో ఎవరో ఏదో చెబుతున్నారు. ఆడమనిషి నోరు మెల్లగా తెరుచుకుంటోంది, మోకాళ్లు వంగిపోతున్నాయి. ఆమెను పట్టుకోవడానికి ఆ వాకిట్లో ఎవరూ లేరు. జుట్టు చెదిరి, బొట్టు పక్కకు పోయి, ఆ ముఖం తనది.

కూతురు భయపడుతున్నది కారు పడిపోతుందని కాదు. పడిపోయిందన్న కబురు విన్నప్పటి ఈ తల్లి ముఖం చూసి.

అది తెలియగానే సాహితి గుండె కరిగి ఉండవలసింది. ముందు కరగలేదు. ముందు ఆమెకు పట్టరానంత సంతోషం కలిగింది. రూతమ్మ లేదు, డాక్టరమ్మ లేదు, ఉద్యోగం లేదు, కొండ లేదు. బిడ్డ గుండెలో ఇంత మేర తనే. ఇన్ని రోజుల మంట ఒక్కసారిగా చల్లారింది. ఆ ముఖాన్ని రెండు చేతులా పొదివి పట్టుకున్నట్టు, మనసుతో గట్టిగా పట్టుకుంది.

గోడ మీద ముల్లు పద్దెనిమిది నుంచి ఇరవై ఆరుకు ఎక్కింది. తెర మీద చేతికారు మూడో మలుపు ముందు నత్తలా అయింది.

"ఒగ్గెయ్ అమ్మా" అంది రూతమ్మ.

"అది నేనే రూతమ్మా. అందులో ఉన్నది నేనే."

"నాకు తెల్దేటి? రోజూ నిన్నే సూస్తన్నాను. రోజూ నీ మొకానికే సెప్తన్నాను, ఆఁ వచ్చావా, ఎల్లిపో అని."

ముల్లు ముప్పై మూడు దగ్గర వణికింది. వదలని భయం వచ్చిన దారినే వెనక్కి పోతోంది. పైన కారు ఆగిపోయింది. సాహితి టోపీలో గేటు దగ్గరి ముఖం ఇంకా పెద్దదైంది, దాని నోరు ఇంకా తెరుచుకుంది. ఒక్క క్షణం ఆమెకు అది బయటి మనిషి ముఖంలా కనిపించింది. నా పిల్ల స్టీరింగుకూ రోడ్డుకూ మధ్య అడ్డంగా నిలబడి ఏడుస్తున్న ఈ ముండ ఎవరు అనుకుంది.

ముప్పై ఏడు.

"నాకు చాతకావట్లేదు" అంది.

"సాతనవుద్ది. పో అను. నోటితోనే అను."

సాహితి పెదవులు తడుపుకుంది. ఆ ముఖం ఆమెను బతిమాలుతున్నట్టే చూస్తోంది.

"పో" అంది. "వెళ్లిపో. ఇక్కడ నీకేం పని లేదు. దాన్ని చూసుకోనీ రోడ్డు."

ముల్లు కిందికి జారింది. ఇరవై. పదకొండు. నాలుగు. గేటు పోయింది, వాకిలి పోయింది, ముఖం పోయింది. సున్నా దగ్గర ముల్లు నిలిచింది. టోపీలో ఇక ఏమీ రావడం లేదు. సాహితి ఆ ఖాళీలో తన కోసం కాసేపు వెతుక్కుంది. ఎక్కడా లేదు. తెర మీద చేతికారు మూడో మలుపు తిరిగి, చెట్ల వెనక్కి పోయి, పై రోడ్డు మీద తేలింది.

ముప్పావుగంట తరవాత పేరిందేవి గదిలోకి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. అప్పటికి రూతమ్మ టోపీ పెట్టుకుని తన కుర్చీలో ఉంది. సాహితి గాజు తలుపు దగ్గర, ఇప్పుడే బయటినుంచి వచ్చినట్టు నిలబడి ఉంది. పిల్ల ఆమెను దాటుకుని పోయి రూతమ్మను వాటేసుకుంది.

"అయిపోయింది పిన్నీ, ఇచ్చేశారు. మూడో మలుపు దగ్గర పట్టుకుంది చూడు, ఇక నా పని సరి అనుకున్నాను. అంతలో ఎవరో నా ఒంటి మీంచి బరువు ఎత్తుకుపోయినట్టయింది. ఇన్ని రోజుల్లో ఎప్పుడూ అలా పోలేదు. ఏం చేశావు?"

రూతమ్మ ఆ పిల్ల భుజం మీదుగా సాహితి కళ్లలోకి చూసింది.

వెనకాలే వచ్చిన చైత్ర గ్రాఫు విప్పి చూసి తల ఊపింది. "ముప్పై ఏడు నుంచి సున్నాకి. ఇంత శుభ్రంగా వదిలినవాళ్లను నేను చూడలేదు రూతమ్మా. ఇక మీద కొత్త భయధారులకు దీన్నే పాఠంగా చెబుతాను. మీ పేరే పెడతాను."

సాహితి నాలుక చివరిదాకా మాట వచ్చింది. ఒక్క మాట చాలు, కూతురు ఇటు తిరుగుతుంది. ఆ ఒక్క మాటతోనే చేతిలోని లైసెన్సు చిరుగుతుంది. రూతమ్మ మెడ చుట్టూ ఉన్న ఆ రెండు చేతుల్నీ చూస్తూ ఆమె ఆ మాటను మింగేసింది.

"నువ్వెక్కడున్నావమ్మా ఇంతసేపూ? బాగా కంగారుపడ్డావా?" అని పేరిందేవి అప్పుడు అడిగింది. అడుగుతుంటేనే పిల్ల ముఖం ముడుచుకుంటోంది.

"బెంచీ మీదే ఉన్నాను" అంది సాహితి. "చల్లగాలికి కునుకు పట్టేసిందే. నువ్వెప్పుడు వెళ్లావో, ఎప్పుడొచ్చావో."

పేరిందేవి నమ్మలేనట్టు చూసింది. "నేను ఘాటు మీద ఉంటే నీకు నిద్ర పట్టిందా?"

"పట్టకేం? మనిషిని కాదా?"

పిల్ల ముఖం ఎన్నడూ లేనంతగా విప్పారింది. "విన్నావా పిన్నీ, మా అమ్మ నిద్రపోయిందట" అని మళ్లీ రూతమ్మనే కుదిపి నవ్వింది. "డాక్టరుగారూ, పట్టీ లేకుండా నేనొక్కదాన్నే ఓసారి పైకి వెళ్లొస్తాను. అమ్మా, నువ్వింకో కునుకు తియ్యి."

మెల్లగా వెళ్లమనబోయి సాహితి నోరు మూసుకుంది. వెళ్లి బెంచీ మీద కూర్చుంది. చేతికారు గేటు దాటుతుంటే రూతమ్మ వచ్చి పక్కన చేరింది. ఇంజను చప్పుడు మొదటి మలుపు ఎక్కింది, రెండో మలుపు ఎక్కింది. సాహితి చెవులు రెండూ ఆ చప్పుడును పట్టుకుని వేలాడుతున్నాయి.

మలుపు పై నుంచి చూస్తే కింద ఈ బెంచీ కనబడుతుందని ఆమెకు తెలుసు. కూతురు ఒక్కసారి ఇటు చూస్తుందేమోనని, కళ్లు గట్టిగా మూసుకుని, తల ఒక పక్కకు వాల్చి, నోరు కాస్త తెరిచి పెట్టుకుని కూర్చుంది.