భయాంకం ఏడు

నాడిపట్టీ మణికట్టుకు బిగించుకుని, వకుళ ‘అటక మీద అప్పడాల దయ్యం’ నూట పన్నెండో పేజీ తెరిచింది. అటక మీద కరకరమన్న చప్పుడు వినబడే ఘట్టం అది. పట్టీ మీద భయాంకం రెండే చూపించింది. అలవాటుగా ఆమె కొంగు చాటున పచ్చిమిరపకాయ కొరికింది. చెమట పట్టి, గుండె దడదడలాడి, అంకె ఏడుకెక్కింది; పిల్లల దయ్యం పుస్తకానికి కావలసింది అదే. పుస్తకాలను ఖాయం చేసే కథాయంత్రం దాని మీద ముద్ర కొట్టేసింది.

దయ్యం కథలకి భయపడడం ఆమె మానేసి ఆరేళ్లయింది. పిల్లలకంటే ముందు చదివి భయం కొలిపించుకునే మొదటి చదువరి ఉద్యోగం ఆమెది; భయపడని చదువరిని కథాకేంద్రం ఉంచుకోదు. అందుకే ఇన్నాళ్లూ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుంది. ఆ నోట్లో మిరపకాయ ఉందనేది వేరే సంగతి.

పదకొండింటికి పర్యవేక్షకుడు పాండురంగం తొమ్మిదేళ్ల పిల్లను వెంటబెట్టుకొచ్చాడు.

“ఈ పాప హంసిని అండీ. మీకు ఏడు వచ్చిన పుస్తకాలు మూడు చదివితే పట్టీ ఒకటి దాటలేదు. భయలోపం అని యంత్రం తేల్చింది. రేపు దిద్దుబాటు బడికి పంపుతున్నాం. ఆర్నెల్లదాకా ఇంటికి రాదు. మీరెలా భయపడతారో ఒకసారి చూపిస్తే నేర్చుకుంటుందేమోనని...”

“చెప్పులెత్తుకెళ్లే దయ్యం కథకి నవ్వొచ్చిందండీ,” అంది హంసిని. “పాదాలు వెనక్కి తిరిగుంటే చెప్పులెలా వేసుకుంటుంది?” అని, కళ్లు తుడుచుకుంది. “నాలో ఏం తక్కువ, ఆంటీ?”

వకుళ తల సిగ్గుతో వాలిపోయింది. ఆ పేజీ దగ్గర తనకీ నవ్వొచ్చింది. దాన్ని మిరపకాయతో కలిపి మింగేసింది.

“కానివ్వండి, వకుళగారూ,” అన్నాడు పాండురంగం.

ఆమె మిరపకాయ జోలికి పోకుండా అప్పడాల దయ్యం పేజీ పైకి చదివింది. పట్టీ రెండు దగ్గరే ఉంది.

“ఇంతకంటే ఎక్కదండీ. ఆరేళ్లుగా మిరపకాయ నమిలి ఎక్కిస్తున్నాను. లోపం పాపది కాదు, నాది. అలాగే నమోదు చెయ్యండి.”

పాండురంగం నమోదు మీట నొక్కాడు. గోడ నిండా ఉన్న పుస్తకాల మీద ముద్రలు ఒక్కొక్కటే చెరిగిపోసాగాయి.

“మరి తక్కిన పిల్లలందరికీ ఏడెలా వచ్చింది?” అన్నాడతను వాటినే చూస్తూ.

“వాళ్లు పట్టీ కట్టేముందు గ్రౌండు చుట్టూ పరిగెత్తొచ్చి కూచుంటారండీ. నన్నూ రమ్మన్నారు,” అంది హంసిని.

“నువ్వెందుకు పరిగెత్తలేదమ్మా?” అనడిగింది వకుళ.

“నాకు భయం వెయ్యలేదు కదండీ,” అంది పాప, ఇందులో అడగడానికేముందన్నట్టు.

వకుళ ఆ పిల్ల ముఖంలోకి చూడలేకపోయింది.