ఆరు చక్రాల అబద్ధం

"నాలుగు చక్రాలతో లారీ యాడైనా నడస్తాదా?"

చిత్తూరు బజారు వీధిలో ఆదిమూలం గారి ఫ్యాన్సీ స్టోర్సు. శనివారం సాయంత్రం. రిబ్బన్లు బేరమాడుతున్న ఆడవాళ్ల మధ్య నిలబడి చెంగల్రాయుడు అడిగిన ప్రశ్న ఇది. అతని చేతిలో పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకల డబ్బా ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే పట్టుకుని నిలబడే ఎర్రవి, పచ్చవి, తెల్లవి బోలెడు ఇటుకలు. చక్రాలు మాత్రం నాలుగంటే నాలుగు.

కౌంటర్ వెనక పంకజాక్షి తలెత్తింది. ఆదిమూలం ఒక్కగానొక్క కూతురు. బి.ఏ. పాసై, నాయనకు చేదోడుగా కొట్లో కూర్చుంటోంది.

"డబ్బా మీద బొమ్మ చూసినారా సార్? అది కారు. కారుకి నాలుగే."

"నాకు కారొద్దు. లారీకి ముందర రెండు, వెనకాల నాలుగు. మొత్తం ఆరు. ఇంకో రెండు చక్రాలు విడిగా ఇయ్యండి."

"విడిగా అమ్మం సార్. చీర కొనకుండా కొంగొక్కటే కోసిమ్మంటే ఎవురైనా ఇస్తారా?"

రిబ్బన్ల ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. చెంగల్రాయుడి చెవులు ఎర్రబడ్డాయి. మనిషి ఆరడుగులు. వయసు ఇరవై ఆరు. కాట్పాడి రోడ్డులో లారీలకు బాడీలు కట్టే షెడ్డులో కొలతలు తీసి డ్రాయింగులు గీసే ఉద్యోగం. అక్కడ వెల్డర్లు కూడా అతని మాటకు ఎదురు చెప్పరు. ఇక్కడ గాజుల బీరువా వెనకున్న అమ్మాయి రెండు ముక్కల్లో నోరు మూయించింది.

"అయినా ఎందుకు సార్ ఇంత పట్టు? మీ బాబు లారీయే కావల్లని ఏడస్తా ఉండాడా?"

అప్పుడు నిజం చెప్పేసి ఉంటే గొడవే లేకపోయేది. బాబూ లేడు, పాపా లేదు, ఆడుకునేది నేనే అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఆ ఆడవాళ్లు ముగ్గురూ రిబ్బన్లు వదిలేసి అతని మీసాల వంకే చూస్తున్నారు.

"ఆ... మావాడే" అన్నాడు.

"పేరేంది?"

ఆమె వెనక గోడ మీద క్యాలెండర్లో వరదరాజస్వామి చల్లగా నవ్వుతున్నాడు.

"వరదరాజులు."

"అబ్బ, ఎంత పెద్ద పేరో! ఎన్నేండ్లు?"

"ఐదు."

"వాళ్లమ్మని పంపించకూడదా? పిల్లోళ్లకి ఏం కావల్లో ఆడోళ్లకే బాగా తెలుస్తాది."

కొడుకునైతే పుట్టించాడు గానీ, ఆ కళ్లలోకి చూస్తూ ఒక పెళ్లాన్ని పుట్టించడానికి చెంగల్రాయుడికి మనసొప్పలేదు.

"వాళ్లమ్మ... లేదు" అన్నాడు.

నిజానికి అందులో అబద్ధమేమీ లేదు. కానీ పంకజాక్షి ముఖం ఒక్కసారిగా మెత్తబడిపోయింది. అద్దాల బీరువాలో మాదిరికి పెట్టిన కారు తీసి, దాని వెనక చక్రాలు రెండూ ఊడబీకి అతని చేతిలో పెట్టింది. సీసాలోంచి ఒక పిప్పరమెంటు కూడా తీసి ఇచ్చింది.

"వరదకి ఇయ్యండి. కొట్లో అక్క ఇచ్చిందని చెప్పండి."

*

కట్టమంచిలో మిద్దె మీద గది అతనిది. అలమరలో బట్టలకు చోటు లేదు. పై అరలో కొండకు పొయ్యే ఘాట్ రోడ్డు బస్సు. దాని కింద పాకాల జంక్షన్లో గంటసేపు చుట్టూ తిరిగి చూసి వచ్చి కట్టిన ఆవిరింజను. నల్ల ఇటుకలు దొరక్క అది ఎర్రగా ఉంది. తరువాత ఒక జీపు, ఒక రోడ్డు రోలరు. డబ్బాతో ఇచ్చే కాగితం చూసి ఒక్కటీ కట్టలేదు. అన్నీ సొంత బుర్రతో కట్టినవే. నగరిలో వాళ్ల నాయన మునిరామయ్యది చిన్న నూలు కొట్టు. చిన్నప్పుడు ఖాళీ నూలు కండెలు దొర్లిస్తూ బస్సులనుకుని ఆడుకున్నవాడు, ఇప్పుడు జీతం వచ్చాక అసలైన బొమ్మలు కొనుక్కుంటున్నాడు. అందులో తప్పేముంది? తప్పేమీ లేదు. చెప్పుకోవడానికే సిగ్గు.

ఆ రాత్రి లారీ ఆరు చక్రాల మీద నిలబడింది. పిప్పరమెంటు మాత్రం తినబుద్ధి కాలేదు. అది వరదది కదా! ఖాళీ బిస్కెట్ డబ్బాలో దాచిపెట్టాడు.

మరుసటి శనివారం నిజం చెప్పాలనే వెళ్లాడు. గడప ఎక్కీ ఎక్కకముందే ఆమె నవ్వింది.

"ఏం వరదా వాళ్ల నాయనా, లారీ ఎట్లుండాది?"

మొగుణ్ని పేరు పెట్టి పిలవని ఇల్లాళ్లు పిలిచే పిలుపు అది. ఆమె మామూలుగానే అంది పాపం. కానీ ఇతగాడు చెప్పాలనుకున్న నిజం పక్కన పెట్టి, లారీ బాగా నడస్తా ఉండాదన్నాడు.

ఇక ప్రతి శనివారం ఇదే వరస. ఆమె అడగడం, అతను చెప్పడం.

"మీ వరద అన్నం బాగా తింటాడా?"

"ఏం పెట్టినా తింటాడు గానీ, ఉప్మా చూస్తే మాత్రం పారిపోతాడు."

"చీకటంటే భయమా?"

"చీకటికి భయపడడు. కుక్కలంటేనే భయం. మా వీధి కుక్కకి భయపడి చుట్టు తిరిగి వస్తాడు."

"ఒక్కడే ఉంటే ఏం చేస్తాడు?"

"బస్సులతో మాట్లాడతాడు."

పంకజాక్షి పగలబడి నవ్వేది. ఒకసారి వరదకి జ్వరమొచ్చిందని విని, మరుసటి వారం వచ్చేదాకా దిగులుగా కూర్చుంది. కాణిపాకం స్వామికి మొక్కుకుంది కూడా. డబ్బాలో పిప్పరమెంట్లు ఇరవై దాటాయి.

ఒక శనివారం కుండపోతగా వాన. కొట్లో ఇంకెవరూ లేరు. చెంగల్రాయుడికి ఆ వాన ఇంకో రెండు గంటలు కురిస్తే బాగుండునని ఉంది. ఆమె జడలో మల్లెపూల వాసన, చూరు నుంచి జారే ధార, ఇక చెప్పేద్దామని నోరు తెరిచాడు.

"పంకజాక్షీ, నీకొక మాట..."

"మాటలు తరవాత! ఇంత వానలో పిల్లోణ్ని ఒక్కణ్నే ఇంట్లో పెట్టి, ఈడ నిలబడి నాతో మాట్లాడతా ఉండావా? నీకసలు మనసుండాదా? ఇదో గొడుగు. పో ముందు!"

కన్న కొడుకు పోటీ వస్తే ఏ తండ్రైనా సర్దుకుంటాడు. పుట్టని కొడుకు పోటీ వచ్చింది ఇతనొక్కడికే. తిట్టుకుంటూ తడుచుకుంటూ వెళ్లాడు. గొడుగు చంకలోనే ఉంది. తెరవడం కూడా మరిచిపోయాడు.

*

ఆదిమూలం సరుకు తెచ్చుకోవడానికి ఒక చిన్న వ్యాను కొన్నాడు. దానికి బాడీ కట్టింది చెంగల్రాయుడి షెడ్డే. పని పూర్తయిన రోజు ఆయన వచ్చి, వ్యాను చుట్టూ రెండుసార్లు తిరిగి, అతన్ని పక్కకు పిలిచాడు.

"సూడప్పా, నేను సుత్తి లేకుండా మాట్లాడతాను. నీ పని బాగుండాది. నగరికి పొయ్యే యాపారిని మీ నాయన కొట్టు సంగతొక్కటే అడిగినాను, మీరు మనోళ్లే. మీ నాయన కూడా మంచోడంటారు. కానీ రెండో పెండ్లోడివి. నాకు ఇష్టం లేదు."

చెంగల్రాయుడికి సగమే అర్థమైంది.

"మా పిల్ల వచ్చిన సంబంధాలన్నీ వద్దంటా ఉండాది. ఎందుకే అని గట్టిగా అడిగితే, ఆ తల్లి లేని పిల్లోడికి నేను తల్లినైతాను నాయనా అనింది. నాకు వారం దినాలుగా నిద్ర లేదు. దాన్ని ఏడిపించలేను, ఔననీ అనలేను. శుక్రవారం కాణిపాకంలో బండికి పూజ. పిల్లోణ్ని పిల్చుకోని రా. వాణ్ని చూసి స్వామి ఎదర ఒక మాట అనుకుంటాను."

ఆయన తుండుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు.

చెంగల్రాయుడు అక్కడే పలకల మీద కూలబడ్డాడు. పంకజాక్షి తనను పెళ్లి చేసుకుంటానంది. ఎగిరి గంతెయ్యాల్సిన మాట. కానీ ఆమె ఒప్పుకుంది వరదను చూసి. ఆ వరదే లేడంటే ఇంక తనలో ఏముందని ఆమెకు? ఇన్ని వారాలు నవ్వించి, జాలి పుట్టించి, దొంగ మొక్కు మొక్కించిన అబద్ధాలకోరు తప్ప!

పోనీ, శుక్రవారం వరదకి జ్వరమని చెప్పి తప్పించుకుంటే? ఆ ఆలోచనా వచ్చింది. కానీ కాణిపాకం స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చెయ్యడానికి జిల్లాలో ఎంత మొండివాడైనా జంకుతాడు. తను చెప్పకపోతే ఆ పెద్దాయన ఒక అబద్ధం మీద మాట ఇచ్చేస్తాడు. అది మాత్రం జరగనివ్వకూడదనుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున కాణిపాకంలో గుడి ముందు పూజకొచ్చిన బండ్లు వరసగా నిలబడ్డాయి. కొత్త వ్యాను బంతిపూల దండలతో మెరుస్తోంది. పంకజాక్షి ఆకుపచ్చ పరికిణీ ఓణీలో నిలబడి ఉంది. చేతిలో తనే కుట్టిన బుల్లి ఎర్ర చొక్కా.

చెంగల్రాయుడు వచ్చాడు. ఒక చేతిలో ఆరు చక్రాల లారీ, ఇంకో చేతిలో బిస్కెట్ డబ్బా.

"వరద యాడ?" అంది ఆమె అతని వెనక్కి తొంగి చూస్తూ.

అతను గోపురం వైపు ఒకసారి చూసి, గుండె దిటవు చేసుకున్నాడు.

"వరద లేడు. ఎప్పుడూ లేడు. నాకు పెండ్లి కాలేదు. ఆ ఇటుకలు నాకే. ఆడుకునేది నేనే. ఆ దినం అందరూ నవ్వినారని సిగ్గుపడి ఒక అబద్ధం చెప్పినాను. ఇవి నువ్వు వాడికిచ్చిన పిప్పరమెంట్లు, ముప్పై ఒకటి. ఒక్కటి కూడా తినలా."

ఆమె డబ్బా తెరిచి చూసింది.

"జరమొచ్చిందన్నావే? నేను మొక్కుకున్నానే?"

"వచ్చింది. నాకే."

"ఉప్మా?"

"నాకే పడదు."

"కుక్క?"

"ఇప్పుడు కూడా చుట్టు తిరిగే వచ్చినాను" అన్నాడు దీనంగా. "స్వామి ఎదర చెప్తా ఉండాను పంకజాక్షీ. పేరు, వయసు మాత్రమే అబద్ధం. మిగతాదంతా నేనే."

పంకజాక్షి చేతిలో చొక్కా వైపు చూసింది, ఆరడుగుల మనిషి వైపు చూసింది. కంట్లో నీళ్లు తిరుగుతుండగానే నవ్వు తన్నుకొచ్చింది. ఇన్నాళ్లూ వరద వరద అంటూ తను ఎవరి కోసం దిగులు పడిందో, శనివారం ఎప్పుడొస్తుందా అని ఎవరి కోసం వీధి వంక చూసిందో ఆమెకు అప్పుడు తెలిసింది.

"వాళ్లమ్మ లేదన్నావు గదా! అది?"

"ఇంకా లేదు అనాల్సింది. 'ఇంకా' మర్చిపోయినాను."

అంతవరకూ వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డ ఆదిమూలం గబగబా ముందుకొచ్చాడు.

"అబ్బాయ్, ఆగు. అంటే ముందు పెండ్లి కాలా?"

"లేదండీ."

"పిల్లోడూ లేడు?"

"లేడండీ."

"ఒట్టు?"

"ఈడ ఒట్టెందుకు, ఈ నేల మీదే నిలబడుండాను గదా."

"నాయనా వినాయకా!" అంటూ ఆదిమూలం గుడి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. వారం రోజుల బరువు భుజాల మీద నుంచి దిగిపోయి, ఆయన అక్కడే వ్యాను మెట్టు మీద కూర్చుండిపోయాడు. "బొమ్మలతో ఆడుకుంటే ఆడుకోనీ! పేకాట ఆడేవోళ్లకి కూడా పిల్లల్నిస్తా ఉండారు. ఇదేం పెద్ద పాపం?"

ఇంతలో పూజారి వ్యానుకు హారతిచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. అతని చూపు లారీ మీద పడింది.

"దీనికి కూడా పూజనా? నిమ్మకాయ దీని చక్రాల కంటే ఎత్తుండాదే!"

పంకజాక్షి లారీని అందుకుని నేల మీద దించి, డబ్బాలోంచి ఆరు పిప్పరమెంట్లు తీసి ఆరు చక్రాల ముందు పెట్టింది. పూజారి నవ్వుతూ కుంకుమ అద్దాడు.

"బండి ఎవరి పేరు మీద?"

చెంగల్రాయుడు నోరు తెరిచేలోగా ఆమె అందుకుంది.

"వరదరాజులు పేరు మీద."

"తల్లిదండ్రుల పేర్లు?"

"నాయన చెంగల్రాయుడు" అంది ఆమె. చెంపలు చొక్కా కంటే ఎర్రబడ్డాయి గానీ గొంతు మాత్రం తడబడలేదు. "అమ్మ పంకజాక్షి."

చెంగల్రాయుడికి గుడిగంటలు తన చెవుల్లోనే మోగుతున్నట్టు అనిపించింది. పూజారి చుట్టూ చూశాడు.

"పిల్లోడు యాడమ్మా?"

"వస్తాడు సామీ, తొందరేముండాది!" అన్నాడు ఆదిమూలం వ్యాను మెట్టు మీద నుంచి లేస్తూ. "ముందు వీళ్లిద్దరికీ ముహూర్తం చూడు."

పంకజాక్షి ఎర్ర చొక్కాను జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుంది. ఒక పిప్పరమెంటు కాగితం విప్పి అతని అరచేతిలో పెట్టింది.

"ఇంక తినొచ్చులే, వరదా వాళ్ల నాయనా."