పోలమ్మ బండ మీద నాలుగో రాయి

గిద్దలూరులో మన మనిషి రైలు కింద పడి చనిపోయాడని పేపర్లు రాశాయి. పడలేదు, తోశారు. ఆ సంగతి హైదరాబాదులో ఇద్దరికే తెలుసు. ఒకరు గూఢచారి శాఖ డిప్యూటీ డైరెక్టర్ లక్ష్మీనరసయ్య. రెండోవాడు ఆయన టేబుల్ ముందు నిలబడి బ్రీఫింగ్ వింటున్న ఏజెంట్ కరుణాకరం.

"చనిపోయేముందు కబురు పంపాడు," అన్నాడు లక్ష్మీనరసయ్య. "టార్గెట్, నల్లమల లోయ మీద రైలు వంతెన. ఆదివారం సాయంత్రం ఆయుధాల స్పెషల్ రైలు దాటేటప్పుడు పేలుస్తారు. నడిపించేవాడు ప్రొఫెసర్ రాయ్. మద్రాసు నుంచి వీకెండ్ హైకింగ్ పేరుతో వస్తున్నాడు."

"అరెస్టు చేస్తే?"

"పేల్చేది వాడు కాదు, ఇంకెవడో. ఎవడో తెలియదు. వంతెన వెతికించాం, ఏమీ దొరకలేదు. సరిహద్దులో యుద్ధం, స్పెషల్ ఆపలేం. రాయ్‌కి ఒక ఫోటోగ్రాఫర్ కావాలట. అది నువ్వే. ఇంకో మాట. ఆ ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఒకరున్నారు. ఎవరన్నది చనిపోయినవాడికే తెలుసు."

"సార్, స్పెషల్ ముందు వంతెన మీద గ్యాంగ్‌మన్ పట్టాలు చూస్తూ నడవాలి కదా?"

"నడుస్తాడు. తప్పిస్తే ముఠాకు అనుమానం వస్తుంది."

కరుణాకరం తల ఊపాడు. ఆ వంతెన మీద డ్యూటీ ఏళ్ళ తరబడి ఏబేలుది. ఏబేలు అతని నాయన. కొడుకు హైదరాబాదులో బీమా ఆఫీసు గుమాస్తా అని కనబడిన వాళ్ళందరికీ చెప్పుకునే అమాయకుడు. ఏబేలు తన నాయన అన్న మాట బయటపెడితే మిషన్ ఇంకొకరి చేతికి పోతుంది. కన్నతండ్రి ప్రాణం ఇంకొకరి చేతిలో పెట్టడం అతనికి ఇష్టం లేదు. నోరు మూసుకుని బయటికి వచ్చాడు.

శనివారం పొద్దున అడవి అంచున దిగాడు. నెరిసిన పెట్టుడు గడ్డం, మెడలో ఫ్లాష్ కెమెరా, బూటు మడమలో వయర్‌లెస్. చెట్లలోకి నాలుగడుగులు వేయగానే వయర్‌లెస్ మూగబోయింది. హెడ్డాఫీసు సరుకు కదా, ఫ్యాను కింద బాగా పలుకుతుంది!

వాళ్ళు మొత్తం నలుగురు. సిల్కు స్కార్ఫు చుట్టుకుని, మెడలో థర్మాస్ ఫ్లాస్కు వేలాడదీసుకున్న ప్రొఫెసర్ రాయ్. అతని పక్కనే గాగుల్స్, స్లాక్స్, ఎర్రటి లిప్‌స్టిక్‌తో మిస్ షీలా. దారి చూపడానికి గొర్రెల కాపరి యల్లయ్య. వెనక కరుణాకరం.

కాలిబాట మొదట్లో ఒక నల్లబండ. యల్లయ్య ఆగాడు.

"పోలమ్మకు లెక్క చెప్పి పోవాల సార్. మనిషికొక రాయి పెట్టండి. తిరిగొచ్చినాక ఎవురి రాయి వాళ్ళు తియ్యాల. రాయి మిగిలిందంటే అడివిలో మనిషి మిగిలినాడని."

వానాకాలం కావడంతో అడవిలోకి ఎవరూ పోలేదు. బండ ఖాళీగా ఉంది. రాయ్ నవ్వుతూ ఒక రాయి పెట్టాడు. షీలా వంగింది. యల్లయ్య పెట్టి దండం పెట్టుకున్నాడు. కరుణాకరం మాత్రం బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటిస్తూ కూర్చున్నాడు. చిన్నప్పుడు ఇదే బండ దగ్గర వాళ్ళమ్మ పుష్పమ్మ చెవి మెలిపెట్టి చెప్పింది, "మనం రాళ్ళకు మొక్కేవాళ్ళం కాదురా" అని. గూఢచారి ఎన్ని వేషాలైనా వేస్తాడు గాని, అమ్మ మెలిపెట్టిన చెవి అంత తొందరగా మరిచిపోదు. లేచి చూస్తే బండ మీద నాలుగు రాళ్ళు. మనుషులు నలుగురు. లెక్క సరిపోయిందనుకుని ముందుకు నడిచాడు.

ఆ రోజంతా కొండలెక్కారు. జలపాతం కింద రాయ్ చంటిపిల్లాడిలా కేరింతలు కొట్టాడు. ఫారెస్టు బంగళాలో అతను స్నానానికి పోయినప్పుడు కరుణాకరం సంచి వెతికాడు. బైనాక్యులర్స్, బిస్కెట్లు, బట్టలు. అంతే. ఆదివారం కొండ కొమ్ము మీద నిలబడితే కింద వంతెన మొత్తం కనిపించింది. యల్లయ్య కూడా నోరు తెరుచుకుని చూశాడు. రాయ్ అటు కన్నెత్తలేదు. అన్నిటినీ చూడటానికి వచ్చినవాడు అదొక్కటీ చూడకపోవడం కరుణాకరానికి నచ్చలేదు. మిగతా వేళల్లో షీలాతో ఒక్క మాటైనా మాట్లాడదామంటే రాయ్ ఆమె పక్కనుంచి కదలడు. సాయంత్రం దగ్గర పడింది. చేతిలో ఒక్క ఆధారం లేదు, నాయన ఈపాటికి జెండా పట్టుకుని బయలుదేరి ఉంటాడు.

తిరిగి బండ దగ్గరికి వచ్చారు. దూరంగా రైలు కూత వినిపించింది.

"ఒక ఫోటో," అన్నాడు రాయ్, వాచీ కనబడేలా చేయి ఎత్తి. "టైం స్పష్టంగా పడాలి."

ఫోటోగ్రాఫర్ ఎందుకు కావలసి వచ్చాడో కరుణాకరానికి అప్పుడు తెలిసింది. వంతెన పేలే సమయానికి దొరగారు ఇక్కడ ఉన్నారని సాక్ష్యం!

రాయ్ తన రాయి విసిరేశాడు. యల్లయ్య తీశాడు. షీలా తీసింది. ఒక రాయి మిగిలింది.

"మీది తియ్యండి సార్," అన్నాడు యల్లయ్య.

కరుణాకరం చేయి చాచి, ఆగిపోయాడు. తను రాయి పెట్టనే లేదు. నిన్న తనను తానే లెక్కలో కలుపుకుని మోసపోయాడు. మరి ఈ నాలుగోది ఎవరిది? షీలా గాగుల్స్ తీసి సూటిగా అతని వైపే చూస్తోంది. రెండు రాళ్ళు పెట్టింది ఆమే. అడవిలో ఇంకొకడున్నాడు!

రాయ్‌కి కూడా అర్థమైపోయింది. థర్మాస్ అడుగు తిప్పి పిస్తోలు లాగాడు. కరుణాకరం కెమెరా ఎత్తి అతని కళ్ళలోకి ఫ్లాష్ కొట్టాడు. గుండు కొమ్మల్లోకి పోయింది. యల్లయ్య దుడ్డుకర్ర రాయ్ మణికట్టు మీద పడింది.

"మాది కొనకనమిట్ల, నా పేరు సుశీలమ్మ," అంది షీలా, పిస్తోలు అందుకుని రాయ్ మీద గురిపెడుతూ. "మీ ఇద్దర్లో మనోళ్ళెవరో తెలియక బండకు చెప్పినా. పేల్చేవాడు వంతెన మూడో స్తంభానికి ఎదురుగా, మోదుగ పొదలో ఉండాడు. పరిగెత్తన్నా!"

వంతెన అడ్డదారిన రెండు ఫర్లాంగులు. ముళ్ళు ముఖం గీరి, పెట్టుడు గడ్డాన్ని సగం పీకేశాయి. వాగు మలుపు తిరిగేసరికి పైన ఖాకీ చొక్కా, పచ్చజెండా కనిపించాయి. ఏబేలు పట్టాలు చూసుకుంటూ వంతెన నడిమిదాకా వచ్చేశాడు. అతని వెనక మలుపులో ఇంజను పొగ. కింద పొదలో ఒకడు డిటొనేటర్ పెట్టె మీదికి వంగి, పిడి పైకి లాగి రెండు చేతులూ దాని మీద ఆనించాడు.

ఇంకా ఇరవై గజాల దూరం. ఖాళీగా ఉందనుకున్న చేతిలో ఏదో బరువు తగిలింది. బండ మీది నాలుగో రాయి! ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు. గురిచూసి విసిరాడు.

రాయి కణతకు తగిలింది. వాడు పక్కకు ఒరిగాడు. కరుణాకరం ఎగిరి దూకి వైర్లు పీకేసిన మరుక్షణమే ఇంజను వంతెన మీదికి వచ్చింది. ఏబేలు వంతెన పక్కన మనిషి నిలబడే గూట్లోకి తప్పుకుని పద్ధతి ప్రకారం పచ్చజెండా చూపించాడు. పెట్టె తర్వాత పెట్టె, రైలంతా క్షేమంగా దాటిపోయింది. కరుణాకరం అక్కడే చతికిలబడ్డాడు.

పొద దగ్గర మనుషుల్ని చూసి ఏబేలు కిందికి దిగి వచ్చాడు. స్పృహ తప్పినవాడిని, వైర్లను, సగం గడ్డంతో కూర్చున్న కొడుకును మార్చి మార్చి చూశాడు.

"కరుణా! నువ్వేందిరా ఈడ?"

"ఆఫీసు పని మీద వచ్చినా నాయనా."

ఏబేలు తలగుడ్డ విప్పి కొడుకు ముఖం మీది నెత్తురు తుడిచాడు.

"దేంతో కొట్టినావు వాణ్ణి?"

"పోలమ్మ బండ మీది రాయి."

"మీ అమ్మతో అనబాకు." ఏబేలు వంతెన వైపు ఒకసారి తలెత్తి చూశాడు. "అది సరే గానీ, ఇన్నేండ్లుగా బీమా ఆఫీసులో ఉండావు, నా పేరు మీద ఒక్క పాలసీ అయినా రాయలేదేందిరా?"

"ఇప్పుడే రాసినా నాయనా," అన్నాడు కరుణాకరం, మిగిలిన సగం గడ్డం పీక్కుంటూ.