చల్లటి ట్యూబు

చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగించాడు. డిపార్ట్‌మెంట్ రహస్య సంకేతాలన్నీ తయారుచేసే కోడ్ మాస్టర్‌కి ఆపరేషన్ చేసి పేగులో గడ్డ తీసేశారు. ఒంట్లో క్యాన్సర్ ఇంకా మిగిలిందేమో తేల్చడానికి ఇవాళ రక్తపరీక్ష. ఆ రక్తాన్ని విదేశీ ముఠా మార్చబోతోందని కబురు. రిపోర్టులో ఏమీ లేదని వస్తే మందు మొదలుపెట్టరు. ఇక ముఠాకి తుపాకీతో పనిలేదు, మిగతాది రోగమే చూసుకుంటుంది.

"ఆయన మీ అన్నయ్య. అందుకే నిన్ను పంపాలా వద్దా అని ఆలోచించాను," అన్నాడు చీఫ్, ఎదురుగా ఉన్న ఏజెంట్‌తో.

ఇట్టే రంగులు మార్చేస్తాడని ఆ ఏజెంట్‌ని ఆఫీసులో తొండ అంటారు. ఈసారి ఆస్పత్రి అటెండర్ వేషం, జేబులో పెన్ను కెమెరా. రక్తం తీసే గది గుమ్మంలో మాస్కు కట్టుకున్న నర్సు ఎదురైంది.

"వాన వెలిసిందా?" తొండ కోడ్ మాట అడిగాడు.

"చూరు ఇంకా కారుతోంది," అంటూ ట్యూబు అందించింది.

జవాబు సరైనదే. మాస్కు పైన కళ్లు మాత్రం నర్సువి కావు. ఆఫీసులో విదేశీ భాషలు అనువదించే అందగత్తెవి, తను పెళ్లాడాలనుకున్న మనిషివి. పరీక్ష ఎప్పుడో, కోడ్ ఏమిటో, కాఫీ తాగుతూ గొప్పకి పోయి ఆమెకి చెప్పింది తనే.

ట్యూబు మంచుముక్కలా ఉంది. అప్పుడే ఒంట్లోంచి తీసిన రక్తం గోరువెచ్చగా ఉండాలి. ఎవరో ఆరోగ్యవంతుడి రక్తం ఐసులో పెట్టి తెచ్చారు. అతనికి అంతా అర్థమైంది. నోరు విప్పితే ఆమె దొరుకుతుంది, ఆమెతోపాటు తన వాగుడూ బయటపడుతుంది. కాళ్లు ల్యాబ్ వైపే నడిచాయి. చెయ్యి ట్యూబుని టెక్నీషియన్‌కి అందించేసింది.

మెషీన్ మూత పడింది. టెక్నీషియన్ వేలు బటన్ మీదికి వెళ్లింది.

"ఆపండి. అది మా అన్నయ్య రక్తం కాదు."

ఆమె గేటు దగ్గర దొరికింది. బేడీలు వేస్తుంటే అతని వంక తీరిగ్గా చూసింది.

"ఇంకొక్క క్షణం ఓర్చుకుంటావనుకున్నాను," అంది.



మళ్లీ రక్తం తీశారు. క్యాన్సర్ ఆనవాలు మిగిలే ఉందని తేలింది, మందు ఎక్కించడం మొదలుపెట్టారు. తొండ మంచం పక్కన కూర్చుని అన్నీ చెప్పేశాడు, తెలిసి తెలిసీ ల్యాబ్‌దాకా నడిచిన సంగతితో సహా.

అన్నయ్య సెలైన్ గొట్టం పక్కకి జరిపి తమ్ముడివైపు తిరిగాడు.

"నీ నోట్లో నువ్వుగింజ నానదని అమ్మ చిన్నప్పుడే చెప్పిందిరా. అలాంటివాణ్ణి ఏరికోరి గూఢచారిని చేశారు చూడు, తప్పు డిపార్ట్‌మెంట్‌ది."